రీస్టార్ట్ చేస్తే బాగుపడే ప్రాక్సీ: 500 జీబీ డిస్క్ క్యాష్ 16 జీబీ ర్యామ్‌ను మింగిన కేసు

నేపథ్యం

ఈ సంస్థ ఏదో, ఎక్కడిదో పోల్చుకోగల వివరాలన్నీ తీసేశాను. అంకెలను కూడా కాస్త సుమారుగా సర్దాను. వాటి మధ్య నిష్పత్తులను మాత్రం కదిలించలేదు, ఈ కేసంతా ఆ నిష్పత్తుల మీదే నడుస్తుంది కాబట్టి.

సుమారు 1,200 కంప్యూటర్లు ఒకే ప్రాక్సీ గుండా, అంటే ఒక మధ్యవర్తి సర్వర్ గుండా, ఇంటర్నెట్‌లోకి వెళ్తాయి. ఒకసారి తెచ్చిన ఫైళ్ల నకళ్లను అది క్యాష్‌లో దాచుకుని, మళ్లీ అడిగితే అక్కడినుంచే ఇస్తుంది. 64 బిట్ లినక్స్ మీద స్క్విడ్ 4 అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్, పని చేసే ప్రాసెస్ (వర్కర్) ఒక్కటే. 16 జీబీ ర్యామ్. క్యాష్ కోసం రెండు మామూలు తిరిగే హార్డ్ డిస్కులు, ఒక్కోదాని మీద 250 జీబీ చొప్పున ఏయూఎఫ్ఎస్ రకం క్యాష్_డిర్, అంటే ఒక్కో ఆబ్జెక్ట్‌ను విడి ఫైలుగా దాచే డిస్కు క్యాష్. ర్యామ్‌లో ఉండే క్యాష్ పరిమాణం చెప్పే క్యాష్_మెమ్ 10 జీబీ. లాగిన్‌లు సరిచూడడానికి ఇరవై హెల్పర్ ప్రాసెస్‌లు.

కాన్ఫిగ్ ఫైలు పాత సర్వర్ నుంచి తెచ్చిందే. ముగ్గురు అడ్మిన్‌ల చేతులు మారి వచ్చింది. ఏ లైను ఎందుకుందో ఇప్పుడున్న అడ్మిన్‌కు తెలియదు, తెలియాలని ఆశించడమూ న్యాయం కాదు. కొత్త సర్వర్‌కు మారినప్పుడు ఆయన చేసినదల్లా రెండు అంకెలు పెంచడం: ర్యామ్ ఎక్కువ ఉంది కదా అని క్యాష్_మెమ్, డిస్కు ఎక్కువ ఉంది కదా అని క్యాష్_డిర్. విడివిడిగా చూస్తే రెండూ సమంజసమైన నిర్ణయాలే. ఆయన స్థానంలో నేనున్నా పదేళ్ల కింద అదే చేసేవాణ్ణి. నిజానికి చేశాను కూడా, ఆ కథ ఇక్కడ వద్దు.

వచ్చిన సమస్య

ఫోన్‌లో ఆయన చెప్పిన మాట ఇది: "సార్, రీస్టార్ట్ చేస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వారం తిరిగేసరికి మళ్లీ నత్త నడక. మెమరీ లీక్ అనుకుంటున్నాను, వెర్షన్ మార్చేయమంటారా?"

వెర్షన్ మార్చే ముందు ఒక్క ప్రశ్న అడిగాను. సర్వర్ మొదలైన రోజు నుంచి ఎన్నిసార్లు నెమ్మదించింది, ఏయే తేదీల్లో? ఆయన రిజిస్టర్ తిరగేసి చెప్పారు. మొదటిసారి ఆరు వారాలకు. అప్పుడు రీస్టార్ట్ చేశారు. రెండోసారి ఎనిమిది రోజులకే. తర్వాత ఏడు రోజులకు. ఆ తర్వాత ఆరుకు.

ఈ వరుస వినగానే లీక్ అనే మాట నా మనసులో సగం చచ్చిపోయింది. లీక్ అంటే ప్రోగ్రాం వాడేసి వదలని మెమరీ పేరుకుపోవడం. ప్రాసెస్ ఆగిపోతే ఆ మెమరీ అంతా కెర్నల్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు, తిరిగి వెళ్లిపోతుంది, లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. అంటే ప్రతిసారీ మళ్లీ ఆరు వారాలు పట్టాలి. ఆరు వారాలు కాస్తా ఎనిమిది రోజులైందంటే, రీస్టార్ట్ చేసినా చెక్కుచెదరనిదేదో ఉంది, అది రోజురోజుకూ పెరుగుతోంది. స్క్విడ్‌లో రీస్టార్ట్ తర్వాత కూడా మిగిలేది డిస్కు క్యాష్ ఒక్కటే. డిస్కు మీదున్న క్యాష్ ర్యామ్‌ను ఎలా నింపుతుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలుసని చాలామంది అనుకుంటారు గానీ, కాన్ఫిగ్ రాసేటప్పుడు దాన్ని లెక్కలో వేసేవాళ్లు తక్కువ.

లాగిన్ అయి, స్క్విడ్‌క్లయింట్‌తో మేనేజర్ ఇన్ఫో పేజీ, అంటే స్క్విడ్ తన స్థితిని తానే చెప్పే పేజీ, తీశాను. అందులో మూడు సంగతులు కంటపడ్డాయి.

మొదటిది, మీడియన్ సర్వీస్ టైమ్స్ పట్టిక. క్యాష్ మిస్‌లకు మధ్యస్థ సమయం 0.2 సెకను. క్యాష్ హిట్‌లకు 0.9 సెకను. మరోసారి చూసుకున్నాను. ఎక్కడో దూరాన ఉన్న సర్వర్ నుంచి తెచ్చి ఇవ్వడం కంటే సొంత గూట్లోంచి తీసి ఇవ్వడానికి నాలుగు రెట్లకు పైగా ఆలస్యం. ఈ స్థితిలో క్యాష్ పూర్తిగా తీసేస్తేనే జనం సుఖపడతారు. ప్రాక్సీ నెమ్మదిగా ఉందని ఎవరైనా పిలిస్తే నేను మొట్టమొదట చూసేది ఈ రెండు గడులే. హిట్ రేషియో తర్వాత చూడొచ్చు.

రెండోది, ఫిజికల్ ఐ/ఓతో జరిగిన పేజ్ ఫాల్ట్‌ల సంఖ్య, అంటే కావలసిన మెమరీ ముక్క ర్యామ్‌లో లేక డిస్కు నుంచి తెచ్చుకోవాల్సి వచ్చిన సందర్భాలు. ఆరోగ్యంగా ఉన్న స్క్విడ్‌లో ఇది దాదాపు కదలదు. ఇక్కడ పేజీ రిఫ్రెష్ చేసిన ప్రతిసారీ వేలల్లో ఎగబాకుతోంది. పక్క టెర్మినల్‌లో వీఎమ్‌స్టాట్ పెడితే స్వాప్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు జాగాలోకి) వెళ్లేవి, వచ్చేవి రెండు వరుసలూ ఎడతెగకుండా కదులుతున్నాయి.

మూడోది, స్టోర్‌ఎంట్రీల, అంటే క్యాష్‌లో దాచిన ఆబ్జెక్ట్‌ల, సంఖ్య: 2 కోట్ల 30 లక్షలు. డిస్కు మీద సుమారు 440 జీబీ నిండింది, ఒక్కో ఆబ్జెక్ట్ సగటు పరిమాణం 20 కేబీ లోపే.

లెక్క ఎక్కడ తప్పింది

స్క్విడ్ తన డిస్కు మీదున్న ప్రతి ఆబ్జెక్ట్‌కూ ర్యామ్‌లో ఒక పద్దు ఉంచుకుంటుంది. గోడౌన్‌లో సరుకు పెరిగేకొద్దీ గుమాస్తా చిట్టా లావెక్కినట్టు. ఈ చిట్టాయే ఇండెక్స్. యూఆర్ఎల్ నుంచి తయారైన 16 బైట్ల ఎండీ5 కీ, అది ఏ డిస్కులో ఏ ఫైలు, ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పాతబడుతుంది, తొలగింపు వరుసలో దాని స్థానం, ఇవన్నీ కలిపి ఒక్కో పద్దుకు రెండు వందల బైట్లకు అటూ ఇటూగా అవుతుంది. స్క్విడ్ వాడేవాళ్లలో ఎప్పటినుంచో ఉన్న మోటు లెక్క ఏమిటంటే, 64 బిట్ యంత్రంలో ప్రతి 1 జీబీ డిస్కు క్యాష్‌కు 14 ఎంబీ ర్యామ్, 32 బిట్‌లో 10 ఎంబీ. ఆ లెక్క ఆబ్జెక్ట్ సగటు 13 కేబీ అనే ఊహ మీద నిలబడింది. స్క్విడ్ కాన్ఫిగ్‌లో సగటు ఆబ్జెక్ట్ సైజుకు డిఫాల్ట్ కూడా ఆ 13 కేబీయే.

మోటు లెక్క ప్రకారం 440 జీబీకి 6 జీబీ పైచిలుకు. మా సగటు కాస్త పెద్దది కాబట్టి మేనేజర్ మెమరీ పేజీలో నిజంగా తేలింది 4 జీబీకి కొంచెం పైన. సరే, 4 అనుకుందాం. క్యాష్_మెమ్ 10. హెల్పర్లకు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు, కనెక్షన్ బఫర్లకు కలిపి దాదాపు 2. మొత్తం 16. ఉన్నదే 16.

క్యాష్_మెమ్ అంటే స్క్విడ్ వాడే మొత్తం మెమరీకి పరిమితి అనే అపోహ బలంగా పాతుకుపోయింది. అది అలా కాదని డిఫాల్ట్ కాన్ఫిగ్ ఫైలులోని వివరణే చెబుతుంది. ప్రాసెస్ గరిష్ఠ పరిమాణానికి, దీనికి సంబంధం లేదు. దారిలో ఉన్న ఆబ్జెక్ట్‌లు, తరచూ అడిగే ఆబ్జెక్ట్‌లు, దొరకలేదనే జవాబులు, ఈ మూడు రకాలు ఉండే చోటుకు మాత్రమే ఆ అంకె వర్తిస్తుంది. దారిలో ఉన్నవాటికి చోటు చాలకపోతే ఆ గీత కూడా దాటుతుంది. ఇండెక్స్ ఆ లెక్కలోకి రాదు. దాన్ని అదుపు చేసే డైరెక్టివ్ (కాన్ఫిగ్ ఆదేశం) అంటూ ఏదీ లేదు, డిస్కు క్యాష్‌ను అదుపు చేయడమే దారి.

ఇప్పుడు ఆరు వారాల, ఎనిమిది రోజుల చిక్కుముడి విడిపోతుంది. మొదటి ఆరు వారాల్లో మెమరీ క్యాష్ తొలి పది రోజుల్లోనే నిండిపోయింది. ఆ తర్వాత ఇండెక్స్ నెమ్మదిగా పెరుగుతూ వచ్చి ఒక రోజు ర్యామ్ అంచు తాకింది. రీస్టార్ట్ చేస్తే మెమరీ క్యాష్ ఖాళీ అవుతుంది, కానీ డిస్కు మీదున్న ఆబ్జెక్ట్‌ల జాబితా అయిన స్వాప్.స్టేట్ ఫైలు చదివి ఇండెక్స్ మొత్తాన్నీ స్క్విడ్ మొదట్లోనే తిరిగి కట్టుకుంటుంది. ఇక అంచు తాకడానికి కావలసింది మెమరీ క్యాష్ నిండే వారం రోజులే. ఇండెక్స్ పెరిగేకొద్దీ ఆ వారం ఇంకా కుదించుకుపోతుంది.

స్వాప్ కాస్త వాడితే అంత ఘోరమా అని ఆయన అడిగారు. వేరే సర్వీసుల్లో కాకపోవచ్చు. ఇక్కడ ఘోరమే. ప్రతి రిక్వెస్టుకూ, అది హిట్ అయినా మిస్ అయినా, ఇండెక్స్‌లో వెతుకులాట జరుగుతుంది. ఎండీ5 ప్రతి యూఆర్ఎల్‌నూ పోలిక లేని అంకెగా మార్చేస్తుంది కాబట్టి పక్కపక్క యూఆర్ఎల్‌ల పద్దులు మెమరీలో పక్కపక్కన ఉండవు, 4 జీబీ అంతటా చెల్లాచెదురుగా ఉంటాయి. దేన్ని స్వాప్‌కు పంపినా రేపో మాపో అది కావాల్సి వస్తుంది. పైగా స్క్విడ్ వర్కర్ ఒకే ఈవెంట్ లూప్ మీద నడుస్తుంది, అంటే అందరి పనులూ ఒకే వరుసలో సాగుతాయి. ఏయూఎఫ్ఎస్‌లో డిస్కు ఫైళ్లు చదవడానికి వేరే థ్రెడ్‌లు ఉంటాయి గానీ, ఇండెక్స్ వెతకడం మాత్రం ప్రధాన థ్రెడ్ పని. అక్కడ ఒక్క పేజ్ ఫాల్ట్ వస్తే ఆ ఒక్క యూజర్ కాదు, 1,200 మందీ ఆగుతారు.

చేసి చూసినవి, బెడిసినవి

నేను అడుగుపెట్టేసరికే ఆయన క్రాన్‌లో (వేళకు పనులు నడిపే షెడ్యూలర్‌లో) వారానికోసారి అర్ధరాత్రి రీస్టార్ట్ పెట్టారు. తప్పు పట్టను, మర్నాడు పొద్దున ఫోన్లు మోగకుండా చూసుకోవడం ఆయన ఉద్యోగం. కానీ ప్రతి రీస్టార్ట్‌తో మెమరీ క్యాష్ ఖాళీ అవుతుంది, రెండు కోట్ల పద్దులు మళ్లీ చదవాలి. వారం అయిదు రోజులయ్యే రోజు ఎంతో దూరంలో లేదు.

తర్వాతి పొరపాటు పూర్తిగా నాదే. లెక్క చూశాక కూడా, పగటిపూట రీస్టార్ట్ చేయకుండా సాయంత్రం దాకా నెట్టుకొద్దామని, స్వాప్ వైపు కెర్నల్ ఎంత మొగ్గాలో చెప్పే స్వాపినెస్ తగ్గించాను. పెద్ద తేడా రాలేదు. స్వాప్ లేకపోతే కెర్నల్ తన పేజ్ క్యాష్‌ను (ఈమధ్య చదివిన ఫైళ్లను ఉంచుకునే ర్యామ్‌ను) వదులుకుని సర్దుకుంటుందిలే అనుకుని స్వాప్‌ను ఏకంగా ఆపేశాను. వదులుకోవడానికి దాని దగ్గర అప్పటికే ఏమీ మిగల్లేదు. ఇరవై నిమిషాల్లో, మెమరీ అయిపోతే ప్రాసెస్‌లను చంపే ఓఓఎమ్ కిల్లర్ వచ్చి, అన్నిటికంటే లావుగా ఉన్న ప్రాసెస్‌ను, అంటే స్క్విడ్‌నే, చంపేసింది. పద్ధతిగా ఆగలేదు కాబట్టి స్వాప్.స్టేట్ శుభ్రంగా రాసి లేదు. తిరిగి లేచిన స్క్విడ్ క్యాష్‌ను డర్టీ అని గుర్తించి ప్రతి పద్దునూ అనుమానంగా చూసుకుంటూ గంటన్నర సేపు ఇండెక్స్ కట్టింది. ఆ గంటన్నరా డిస్కులు ఊపిరాడనంత పనిలో ఉన్నాయి. సాయంత్రం దాకా నెట్టుకురావాలన్న ఆశకు ఆ మధ్యాహ్నమే నీళ్లొదులుకున్నాం.

ఆ తర్వాత చేయాల్సిన పని ముందే చేసి ఉండాల్సింది. క్యాష్_మెమ్ 10 నుంచి 4 జీబీకి దించి, పద్ధతిగా రీస్టార్ట్. ఒకేసారి ఒకే మార్పు. డిస్కు వైపు ఆ రోజు వేలు కూడా పెట్టలేదు, ఏ మార్పు ఏం చేసిందో విడిగా తెలియాలి.

"మెమరీ క్యాష్ సగానికి పైగా కోసేస్తే హిట్‌లు పడిపోవా సార్?" అన్నారాయన. పడతాయి, కొద్దిగా. మెమరీ హిట్‌లలో కొన్ని డిస్కు హిట్‌లుగా మారతాయి. అయితే స్క్విడ్ వదిలేసిన 6 జీబీ ఊరికే పడి ఉండదు. ఏయూఎఫ్ఎస్ క్యాష్ మామూలు ఫైళ్లే కాబట్టి, తరచూ చదివే ఫైళ్లను కెర్నల్ తన పేజ్ క్యాష్‌లో పెట్టుకుంటుంది. లాగ్‌లో డిస్కు హిట్ అని కనిపించేవాటిలో చాలా భాగం నిజానికి డిస్కు సూది కదలకుండానే వస్తాయి. అంతకంటే ముఖ్యమైన తేడా ఒకటుంది. ర్యామ్ ఇరుకైనప్పుడు కెర్నల్ పేజ్ క్యాష్‌ను క్షణంలో వదిలేస్తుంది, స్క్విడ్ పట్టుకున్న మెమరీని మాత్రం స్వాప్‌లోకి మోయాలి. ఇరుకు రోజున పనికొచ్చేది వదిలేయగల మెమరీయే.

పది రోజులు చూశాం. స్వాప్ కదల్లేదు. హిట్‌ల మధ్యస్థ సమయం 0.9 నుంచి 0.06 సెకనుకు వచ్చింది. ఫోన్లు ఆగాయి.

ఇక్కడితో ఫైలు మూసేసి ఉండొచ్చు. కానీ 2 కోట్ల 30 లక్షల ఆబ్జెక్ట్‌లు దాచుకుని ఈ ప్రాక్సీ ఏం సాధిస్తోందన్న ప్రశ్న నన్ను వదల్లేదు.

డిస్కులో అసలేముంది

యాక్సెస్ లాగ్‌ను ఒక వారానికి బైట్ల వారీగా కూడి చూశాను. 85 శాతం టీసీపీ_టన్నెల్. అంటే హెచ్‌టీటీపీఎస్, గుప్తీకరించిన గొట్టం. అందులో ఏం పోతోందో ప్రాక్సీకి కనపడదు, దాచే ప్రశ్నే లేదు. క్యాష్ ఎంత పెద్దదైనా దాని పరిధి మిగిలిన 15 శాతమే. ఆ టన్నెల్‌ను విప్పి చూసే ఏర్పాటు పెడదామా అని అడిగారు. వద్దన్నాను. అది యూజర్ల నమ్మకానికి, సంస్థ విధానాలకు సంబంధించిన నిర్ణయం. హిట్ రేషియో పెంచుకోవడానికి తీసుకునే నిర్ణయం కాదు.

ఆ 15 శాతంలో సగానికి పైగా బైట్లు పెద్ద ఫైళ్లవి. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు, సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు. వీటిలో చాలా భాగం ఇప్పటికీ సాదా హెచ్‌టీటీపీలోనే వస్తాయి, వాటి నిజానిజాలను డిజిటల్ సంతకంతో సరిచూస్తారు కాబట్టి. ఒకే ఫైలు వందల యంత్రాలకు కావాలి. క్యాష్ అనేది ఎవరికోసం పుట్టిందంటే ఇలాంటి ఫైళ్ల కోసమే. లాగ్‌లో మాత్రం అవన్నీ మిస్, మిస్, మిస్.

కాన్ఫిగ్‌లో చూస్తే మాగ్జిమం_ఆబ్జెక్ట్_సైజ్ 1 జీబీ అని స్పష్టంగా రాసి ఉంది. ఆయన కూడా అదే చూపించారు. నేను డిస్కు మీద ఫైండ్ నడిపాను, 4 ఎంబీ కంటే పెద్ద ఆబ్జెక్ట్ ఫైళ్లేమున్నాయో చెప్పమని. ఒక్కటి కూడా లేదు. 440 జీబీలో ఒక్కటి కూడా.

4 ఎంబీ అంటే ఆ డైరెక్టివ్ డిఫాల్ట్ విలువ. కాన్ఫిగ్ ఫైలులో ఆ లైను క్యాష్_డిర్ లైన్ల కింద ఉంది. స్క్విడ్ ఫైలును పైనుంచి కిందికి చదువుతుంది. క్యాష్_డిర్ లైను ఎదురైనప్పుడు అప్పటికి అమల్లో ఉన్న పరిమితినే దానికి తగిలిస్తుంది. కింద ఎంత పెద్ద అంకె రాసినా పైన పుట్టిన డైరెక్టరీకి వినపడదు. హెచ్చరికా ఉండదు, ఎర్రరూ ఉండదు. నిండినప్పుడు ఏది తీసేయాలో చెప్పే క్యాష్_రీప్లేస్‌మెంట్_పాలసీ కూడా ఇంతే, తనకు దిగువనున్న క్యాష్_డిర్‌లకే వర్తిస్తుంది. మూడు చేతులు మారిన ఫైలులో ఎవరో ఎప్పుడో చక్కగా సర్దుదామని లైన్లను అటూ ఇటూ చేసి ఉంటారు.

అంటే పెద్ద ఫైళ్లను గుమ్మంలోంచే వెనక్కి పంపుతూ, మళ్లీ ఎవరూ అడగని చిన్నాచితకా ముక్కలతో రెండు డిస్కులు నింపుకున్నారన్నమాట. ఆ ముక్కల చిట్టా మోయడానికే ర్యామ్ నలిగిపోయింది.

లైను పైకి జరిపాం. పెద్ద ఫైళ్లు కొన్ని నిలవడం మొదలైంది, కానీ అప్‌డేట్లలో చాలావాటికి ఇంకా మిస్సే. లాగ్‌లో వాటి స్టేటస్ 200 (మొత్తం ఫైలు) కాదు, 206 (ఫైలులో ఒక ముక్క). అప్‌డేట్ క్లయింట్లు ఫైలును ముక్కలుగా అడుగుతున్నాయి. స్క్విడ్ ముక్క జవాబులను దాచుకోదు, మొత్తం ఫైలు దగ్గరుంటే అందులోంచి ముక్క కోసి ఇవ్వగలదు.

దీనికి ప్రసిద్ధమైన చిట్కా రేంజ్_ఆఫ్‌సెట్_లిమిట్‌ను నన్ అని పెట్టడం. అప్పుడు ఎవరు ముక్క అడిగినా స్క్విడ్ మొత్తం ఫైలు తెచ్చుకుంటుంది. పెట్టాం. మర్నాడు పొద్దున ఒక గదిలో నలభై యంత్రాలు ఒకేసారి ఆన్ అయ్యాయి. ఫైలు ఇంకా క్యాష్‌లోకి పూర్తిగా చేరలేదు కాబట్టి ఒక్కో ముక్క కోసం స్క్విడ్ మొత్తం ఫైలును మళ్లీ మళ్లీ తెచ్చుకోవడం మొదలెట్టింది. బయటి లింకు పాతిక నిమిషాలు స్తంభించింది. చిట్కా తప్పేమీ కాదు, నలభై మంది ఒక్కసారిగా పడే చోట అది ప్రమాదం. వెంటనే తీసేశాం.

బదులుగా చేసింది పాతకాలపు పని. నిన్నటి లాగ్‌లో 206 స్టేటస్‌తో ఎక్కువసార్లు కనిపించిన యూఆర్ఎల్‌లను ఏరి, అర్ధరాత్రి ఒక్కో ఫైలును ఒక్కసారి మొత్తంగా ప్రాక్సీ గుండానే తెప్పించే ఇరవై లైన్ల స్క్రిప్టు. ప్రశ్నార్థకం తర్వాత ప్రతిసారీ మారే టోకెన్లున్న యూఆర్ఎల్‌లను వదిలేస్తుంది, అవి ఎలాగూ కీ మారి మళ్లీ దొరకవు. పొద్దున యంత్రాలు ముక్కలు అడిగేసరికి పూర్తి ఫైలు లోపల సిద్ధంగా ఉంటుంది. రేంజ్ డైరెక్టివ్ అవసరమే లేకపోయింది.

నిలబడిన అమరిక

చివరి ప్రశ్న, డిస్కును ఎలా పంచాలి. చిన్న ఆబ్జెక్ట్‌లు డిస్కు మీద ఉండడం వల్ల లాభమేంటి? పెద్దగా లేదు. 5 కేబీ బొమ్మను తిరిగే డిస్కు నుంచి తీయాలంటే సూది జరగాలి, డైరెక్టరీ, ఐనోడ్, ఆ తర్వాత డేటా. అంతసేపట్లో దాన్ని బయటి నుంచి తెచ్చుకున్నా నష్టం లేదు. పైగా 5 కేబీకీ 500 ఎంబీకీ ర్యామ్‌లో పద్దు ఒకే సైజు. డిస్కు క్యాష్ ర్యామ్‌ను తినేది జీబీల లెక్కన కాదు, తలల లెక్కన. అంచేత చిన్నవి మెమరీకే, పెద్దవి డిస్కుకే అని గీత గీశాం.

రెండు క్యాష్_డిర్‌లకూ మిన్-సైజ్ 65536 బైట్లు పెట్టాం. 64 కేబీ కంటే చిన్నది డిస్కు ఎక్కదు. ఒక్కో డిస్కుకు 90 జీబీ. క్యాష్_మెమ్ 4 జీబీ అలాగే. మెమరీలో ఆబ్జెక్ట్ గరిష్ఠ పరిమాణం డిఫాల్ట్ 512 కేబీ, దాన్ని ముట్టుకోలేదు. డిస్కుకు తొలగింపు విధానం హీప్ ఎల్ఎఫ్‌యూడీఏ, ఇది పెద్దదైనా సరే తరచూ అడిగేదాన్ని నిలుపుతుంది, బైట్ల ఆదాకు మంచిది. మెమరీకి హీప్ జీడీఎస్ఎఫ్, ఇది చిన్నవాటి వైపు మొగ్గుతుంది, ఎక్కువ రిక్వెస్టులకు హిట్ ఇస్తుంది. చాలాకాలంగా ఎవరూ అడగనిదాన్ని ముందు తీసేసే డిఫాల్ట్ ఎల్ఆర్‌యూతో ఉంటే ఒక్కరు దించుకున్న రెండు భారీ ఫైళ్లు పదిమందికి పనికొచ్చేవాటిని తోసేస్తాయన్న భయంతో మార్చాను. ఈ ఒక్క మార్పు ఎంత తెచ్చిందో విడిగా కొలవలేదు, మిగతావాటితో కలిపే పెట్టాం.

రాక్ అనే మరో రకం డిస్కు క్యాష్ ఎందుకు వాడలేదని అడగబోయేవారికి: వర్కర్లు ఒకటి కంటే ఎక్కువ ఉంటే రాక్ గురించే ఆలోచించాలి, ఏయూఎఫ్ఎస్ డైరెక్టరీని వర్కర్లు పంచుకోలేవు. ఒకే పెద్ద ఫైలులో గళ్లు గళ్లుగా దాస్తుంది కాబట్టి చిన్న ఆబ్జెక్ట్‌లకూ అది బాగుంటుంది. ఇక్కడ వర్కర్ ఒక్కటే, చిన్నవి డిస్కు ఎక్కడమే లేదు. అక్కరలేని కొత్త భాగాన్ని ఆ అడ్మిన్ నెత్తిన పెట్టదలచుకోలేదు.

90 జీబీయే ఎందుకు, డిస్కులో చోటుంది కదా? నిజమే. సగటు ఆబ్జెక్ట్ ఇంత పెద్దదైనప్పుడు మళ్లీ 250కి వెళ్లినా ఇండెక్స్ బరువు లెక్కలోకి రాదు. కానీ అప్‌డేట్ ఫైళ్ల ఆయుష్షు కొన్ని వారాలు. అంతకు మించి దాచుకున్నా అడిగే నాథుడు ఉండడు. నిండితే పెంచుదామనుకున్నాం. ఎంత పెంచినా డిస్కు మొత్తం రాసివ్వకుండా 20 శాతం వదలమని స్క్విడ్ డాక్యుమెంటేషనే చెబుతుంది. ఫైల్‌సిస్టమ్ సొంత ఖర్చుకు, స్వాప్.స్టేట్ పెరగడానికి, తొలగింపు జరిగే లోపు వచ్చిపడే ఫైళ్లకు ఆ జాగా కావాలి.

మారే రోజున ఒక చిన్న ముల్లు గుచ్చుకుంది. మిన్-సైజ్ పెట్టినంత మాత్రాన పాత చిన్న ఫైళ్లు పోవు. స్క్విడ్ ఆపి, పాత డైరెక్టరీల పేరు మార్చి, కొత్తవాటిని స్క్విడ్ -జెడ్‌తో సృష్టించి, వెనకాల నెమ్మదిగా పాతవి చెరుపుదామనుకున్నాం. రెండు కోట్ల ఫైళ్లను చెరపడం ఎంత పనో మర్చిపోయాను. ఐఓనైస్ కింద అత్యల్ప ప్రాధాన్యంతో నడిపినా దాదాపు ఒక రోజంతా డిస్కులు గరగరలాడాయి. క్యాష్‌కు విడి పార్టిషన్ ఉండి ఉంటే దాన్ని ఫార్మాట్ చేసేస్తే నిమిషంలో పోయేది. మౌంట్ చేసేటప్పుడు, ఫైలు చదివిన ప్రతిసారీ సమయం రాయకుండా ఆపే నోఎటైమ్ కూడా అప్పుడే పెట్టాం.

నెల తర్వాత

స్టోర్‌ఎంట్రీలు 2 కోట్ల 30 లక్షల నుంచి నాలుగు లక్షలకు దిగాయి. ఇండెక్స్ ఇప్పుడు వంద ఎంబీ లోపే. స్క్విడ్ ప్రాసెస్ 5.5 జీబీ దగ్గర స్థిరపడింది, మిగతాది కెర్నల్ చేతిలో ఉంది. హిట్‌ల మధ్యస్థ సమయం 0.01 సెకను. పద్ధతిగా రీస్టార్ట్ చేస్తే క్యాష్ సిద్ధమవడానికి పట్టేది సెకన్లే.

టన్నెల్‌ను పక్కనపెట్టి లెక్కిస్తే బైట్ హిట్ రేషియో 6 శాతం నుంచి 41కి పెరిగింది. ఆ అంకెను ఆయన ఉత్సాహంగా నివేదికలో పెట్టబోతే ఆపాను. అది 15 శాతంలో 41. మొత్తం లింకు మీద చూస్తే ఆదా 6 శాతం. నివేదికలో ఆ 6 కూడా పక్కనే రాయమన్నాను. రాశారు. పై అధికారులకు కావలసింది ఎలాగూ అది కాదు. పొద్దున యంత్రాలన్నీ ఒకేసారి ఆన్ అయినప్పుడు లింకు ఊపిరాడకపోవడం ఆగిందా లేదా అన్నదే వాళ్లకు ముఖ్యం. అది ఆగింది.

రిక్వెస్టుల హిట్ రేషియో మాత్రం కొద్దిగా తగ్గింది. డిస్కులో వారాల తరబడి పడి ఉండి ఎప్పుడో ఒకసారి పనికొచ్చే చిన్న ఫైళ్లను వదులుకున్నాం కాబట్టి. దీని గురించి ఒక్క ఫిర్యాదూ రాలేదు.

వెళ్లే ముందు మానిటరింగ్‌లో మూడు గీతలు పెట్టించాను: స్టోర్‌ఎంట్రీల సంఖ్య, ఫిజికల్ ఐ/ఓ పేజ్ ఫాల్ట్‌లు, హిట్‌ల సమయం మిస్‌ల సమయాన్ని దాటితే అలారం. రిక్వెస్టుల హిట్ రేషియో గీత అప్పటికే ఉంది, నెమ్మదించిన ఆ వారాలన్నిటా అది చక్కగా పైనే ఉండి ఎవరికీ ఏమీ చెప్పలేదు. కాన్ఫిగ్ ఫైలులో క్యాష్_డిర్ లైన్లకు పైన ఆయన చేత ఒక కామెంట్ రాయించాను, ఈ గీతకు పైనున్నవి కిందికి దించొద్దని. క్రాన్‌లోని వారపు రీస్టార్ట్‌ను తీసేయమన్నాను. మొన్న వేరే పని మీద లాగిన్ అయితే అది ఇంకా అక్కడే ఉంది, నడవకుండా ముందు ఒక హాష్ గుర్తుతో.